నాలుగు వందల యాభై వాట్ల ఖాళీ డబ్బా

ఇది ఒక మహా యుద్ధగాథ. ఇందులో గోదావరి ఉంది. అడవి ఉంది. నమ్మకద్రోహం ఉంది, పొగ ఉంది, యజమాని మీద తిరగబడ్డ నౌకరు ఉన్నాడు. ఒక మనిషి బతుకు సోమవారం పొద్దుటి గడువు మీద వేలాడుతూ ఉంది.

ఇంత చెప్పాక నిజం ఒప్పుకోవడం మంచిది. గోదావరిని నేను షేర్ ఆటోలో పదకొండో మనిషిగా, ఒక కాలు బయట పెట్టి దాటాను. అడవి రోడ్డుకు రెండు పక్కలా దాని మానాన అది ఉంది. నిప్పు రాలేదు. పొగ మాత్రం వచ్చింది, అదీ మాడిన పల్లీల వాసనతో. ఇది కంప్యూటర్ వెనక భాగంలో ఉండే ఒక రేకు డబ్బా గురించిన వ్యాసం.

నేను ఏడేళ్లు భద్రాచలంలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, ఇరవై ఏడో ఏట రిటైరయ్యాను. శాలువా ఎవరూ కప్పలేదు. రిటైరైన పెద్దలు ఇలాంటివి రాస్తే పుట్టిన ఊరు, ప్రమోషన్లు, ప్రస్తుత ఆరోగ్యం వరసగా చెబుతారు. నాకు ప్రమోషన్ ఒకటే వచ్చింది. మొదటి ఏడాది కింద పడ్డ స్క్రూలు ఏరేవాణ్ని, రెండో ఏడాది నుంచి బిగించేవాణ్ని. ఆరోగ్యం బాగానే ఉంది. కోపమే తగ్గలేదు. ఇప్పుడు ఒక బడిలో కంప్యూటర్ టీచర్ని, అంటే కంప్యూటర్ గది తాళంచెవి నా దగ్గర ఉంటుంది. లోపలికి దుమ్ము పోకూడదని హెడ్మాస్టరు గారి ఆజ్ఞ. దుమ్ముతో పాటు పిల్లలు కూడా పోవడం లేదు.

పోయిన నెల ఇద్దరు పాత విద్యార్థులు వచ్చారు. కలిసి షాపు పెడుతున్నారట. మొదటి మిషన్‌కు పార్టుల లిస్టు రాసుకొచ్చారు. "అన్నా, ఇవన్నీ ఒకదానికొకటి కలుస్తయా చూడు" అన్నారు. చూశాను. ప్రాసెసర్‌కు బోర్డు కలిసింది, బోర్డుకు ర్యామ్ కలిసింది. కరెంటు డబ్బా దగ్గర మాత్రం "క్యాబినెట్‌తో పాటు వచ్చేది" అని ఉంది. లిస్టు చివరి వరసను పెన్నుతో కొట్టేశారు. అది చూడగానే నాకు పాత కోపం కొత్తగా వచ్చింది. అందుకే రాస్తున్నాను.

పిన్నులు ఎవరు తిన్నారు

ముందు తేలిక పాఠం. కంప్యూటర్ పార్టులు పెళ్లి సంబంధాల లాంటివి కావు, సర్దుకుపోవు. గాడి కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. బలవంతంగా నొక్కితే విరిగేది మన సొమ్మే.

నేను పనిలో ఉన్న రోజుల్లోనే పాత రకం ప్రాసెసర్లు పోయి కొత్త రకం వచ్చింది. పాతదానికి అడుగున సన్నటి పిన్నులుంటాయి, బోర్డు మీద వాటికి రంధ్రాలుంటాయి. కొత్తదానికి అడుగు నున్నగా ఉంటుంది, పిన్నులు బోర్డు మీద ఉంటాయి. చండ్రుగొండ నుంచి వెంకటేశ్వర్లు అనే మిర్చి రైతు కొడుకు కోసమని ప్రాసెసర్ ఒక ఊళ్లో, బోర్డు ఇంకో ఊళ్లో కొన్నాడు. విత్తనాలు ఒక షాపులో, మందులు ఒక షాపులో బేరమాడి కొనే మనిషికి అది తెలివైన పనే. మా కౌంటర్ మీద ప్రాసెసర్ బోర్లా పెట్టాడు.

"చూడు తమ్మీ, మోసం. కింద పిన్నులే లేవు. మొత్తం ఇరగ్గొట్టి నాకు అంటగట్టిండ్రు."

"కొత్త రకానికి ఉండవే అన్నా. బోర్డు మీద ఉంటయి."

ఆయన సంచిలోంచి బోర్డు తీశాడు. అది పాత రకం. దాని మీద రంధ్రాలే ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని రెండిటినీ మార్చి మార్చి చూశాడు.

"దీనికీ లేవు, దానికీ లేవు. మరి ఎవలు తిన్నరు?"

ఇలాంటి పొరపాట్ల మీద నాకు కోపం లేదు. ఇవి పైకి కనిపిస్తాయి. మిషన్ ఆన్ కాదు, మనిషి తిరిగి వస్తాడు, మార్చి ఇస్తాం, టీ తాగి పోతాడు. మిషన్ ఆన్ అయ్యాక బయటపడేవే అసలు పొరపాట్లు.

అయిదోది

మా బాసు పేరు సుధాకర్. సత్తుపల్లి వైపు మనిషి. చెడ్డవాడు కాదని రాయాలని కూర్చున్నాను, చెయ్యి రాలేదు.

పనిలో చేరిన వారానికే ఆయన నాకు వ్యాపార రహస్యం చెప్పాడు. "కస్టమర్ నాలుగు చూస్తాడ్రా. ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత, క్యాబినెట్‌కి లైట్లున్నాయా. అయిదోది మనది."

అయిదోది కరెంటు డబ్బా. ఎస్‌ఎంపీఎస్ అంటాం. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ లోపలి పార్టులకు కావలసినంతకు తగ్గించి, అందరికీ పంచేది అదే. దాని మీద పెద్ద అక్షరాలతో నాలుగు వందల యాభై వాట్లు అని స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరుకు వాట్లు ఎక్కించడానికి కరెంటు అక్కర్లేదు, ప్రింటింగు ప్రెస్సు చాలు. మంచిదా కాదా తెలుసుకోవడానికి మా పనివాళ్లకు ఒకటే పద్ధతి: అరచేతిలో పెట్టి బరువు జోకడం. లోపల రాగి, ఇనుము సరిగ్గా ఉంటే చెయ్యి కిందికి దిగుతుంది. లేకపోతే ఖాళీ టిఫిన్ బాక్సులా ఉంటుంది.

ఇల్లందు నుంచి ఒక బొగ్గుబాయి కార్మికుడు వచ్చాడు. జోకి, బరువున్నదే ఏరుకుని తీసుకుపోయాడు. రెండు నెలలకు అది మాడింది. విప్పి చూస్తే లోపల ఒక ఇనప పలక, స్క్రూలతో చక్కగా బిగించి ఉంది. దేనికీ కనెక్షన్ లేదు. బరువు కోసమే పెట్టారు. మేం చేత్తో జోకుతామని తయారుచేసేవాడికి కూడా తెలిసిపోయిందన్న మాట. పలక తీసుకెళ్లి బాసుకు చూపించాను. ఆయన ముచ్చటపడ్డాడు. "చూడరా, ఎంత శ్రద్ధగా చేశాడో" అని దాన్ని బిల్లు కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. నేను ఆ షాపులో ఉన్నన్నాళ్లూ ఆ పలక అక్కడే ఉంది. మా షాపులో నాణ్యత కలిగిన వస్తువు అదొక్కటే.

మార్తక్క నోటుబుక్కు

మార్తక్కది వంతెన అవతల సారపాక. పేపరు మిల్లులో కాంట్రాక్టు కింద కాగితాలు లెక్కపెట్టి కట్టలు కట్టే పని ఆరేళ్లు చేసింది. కాంట్రాక్టు ముగిసింది, గ్యాంగులో సగం మంది ఇంటికొచ్చారు. ఆమె ఊరికే కూర్చోకుండా తెలుగు టైపింగు నేర్చుకుంది. చర్చి పక్కన, ఆమె ఇల్లున్న బజారులోనే, ఒక చిన్న గది కిరాయికి దొరికింది. ఆరు ప్రైవేటు బడులు నడిపే యాజమాన్యం ఒకటి వార్షిక పరీక్షల ప్రశ్నపత్రాలు టైపు చేసిమ్మని అడిగింది. ఫలానా సోమవారం పొద్దుటికి ఆరు బడులవీ అందితే వచ్చే ఏడాది పనంతా ఆమెకే. అందకపోతే కొత్తగూడెం ప్రెస్సుకు. పాత కాంట్రాక్టరు కూడా కబురు పెట్టాడు, "రోజు కూలికి రా, చూద్దాం" అని. ఆ "చూద్దాం"లోకి మళ్లీ పోకూడదని ఆమె కంప్యూటర్ కొనడానికి వచ్చింది.

నోటుబుక్కులో ఒక్కో వరసకు ఒక్కో పార్టు రాసుకొచ్చింది. అడిగింది అడిగినట్టు టిక్కు పెట్టుకుంది.

"తమ్మీ, ఈ ప్రాసెసరు ఈ బోర్డుల కూసుంటదా?"

"కూసుంటదక్కా."

"ర్యామ్‌కు గాడి కలుస్తదా?"

"కలుస్తది."

"ప్రింటర్ వైరు పెట్టే సందు వెనక ఉన్నదా?"

"ఉన్నది."

"మరి కరెంటు డబ్బా? మంచిదేనా?"

డబ్బా నా చేతిలోనే ఉంది. చెయ్యి కిందికి దిగలేదు. కౌంటర్ అవతల బాసు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు, పేజీ తిప్పడం లేదు.

"నాలుగు వందల యాభై అని రాసున్నదక్కా" అన్నాను.

అబద్ధం కాదు. రాసే ఉంది. ఆమె టిక్కు పెట్టుకుంది.

చివరి వరస యూపీఎస్. కరెంటు పోతే కాసేపు మిషన్‌ను నడిపేది, ఎగుడుదిగుళ్లను కొంత సర్దేది. ప్రింటర్ తీసుకుంటే దానికి డబ్బు చాలడం లేదు. లిస్టులో ఏదైనా తీసెయ్యాలంటే చివరి వరస తీసెయ్యడం లోకం అలవాటు. కిందున్నది కాబట్టి ముఖ్యం కాదనుకుంటారు. "తర్వాత తీసుకోవచ్చక్కా" అన్నాను. ఆ వరసను కొట్టేసింది ఆమె పెన్ను కాదు, నాది.

మిషన్ బిగించిన రోజు పాస్టరుగారు వచ్చారు. మానిటర్ మీద చెయ్యి పెట్టి, ఈ తెరను, ఈ అక్షరాల పలకను, ఈ ముద్రించే యంత్రమును ఆశీర్వదించమని ప్రార్థన చేశారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. కరెంటు డబ్బా గురించి ఎవరూ ప్రార్థించలేదు. దాని అవసరం అక్కడ నా ఒక్కడికే తెలుసు.

కుటుంబంతో సహా

పరీక్షలకు ముందు గురువారం, ఏప్రిల్ ఎండ. పొద్దున పదింటికి షాపుకు మార్తక్క ఫోను.

"తమ్మీ, మాడిన వాసనొస్తాంది. జల్ది రా."

అంతే. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ తిరిగి అరిచి తేలికపడేవాణ్ని.

వెళ్లి విప్పాను. మంచి కరెంటు డబ్బా పోయేటప్పుడు ఒంటరిగా పోతుంది. చవకది కుటుంబంతో సహా పోతుంది. బోర్డు పోయింది, ర్యామ్ పోయింది, హార్డ్ డిస్క్ పోయింది.

"టైపు చేసినయి?" అంది మార్తక్క.

"అవి డిస్కులనే ఉన్నయక్కా."

"డిస్కు?"

"పోయింది."

ఆమె టీచర్లు చేత్తో రాసిచ్చిన కాగితాల కట్ట తీసుకుంది. "నాలుగు బడులయి అయిపోయినయి, రెండే మిగిలినయి అనుకున్న. ఇప్పుడు ఆరు." కట్టను బల్ల మీద తట్టి అంచులు సరిచేసి, ఒకటో బడి కాగితం మళ్లీ పైన పెట్టింది. మిల్లులో నేర్చుకున్న చెయ్యి. "మిషన్ ఎప్పుడిస్తవ్?"

ఆటోలో వంతెన దాటేంతసేపూ బాసును అడగాల్సిన మాటలు కూర్చుకున్నాను. న్యాయం, ధర్మం, పేద మనిషి శ్రమ అన్నీ వచ్చాయి అందులో. పక్కన కోళ్ల బుట్టతో కూర్చున్నాయన "బావా, కాలు జరుపు" అనేసరికి సగం మర్చిపోయాను.

"వోల్టేజి ప్రాబ్లం రా. వారంటీ రాదని చెప్పు" అన్నాడు సుధాకర్.

"సార్, డబ్బా మంచిదైతే బోర్డు దాకా వచ్చేది కాదు."

"డబ్బా మంచిదని నేను చెప్పానా? ఆవిడతో మాట్లాడింది నువ్వు."

"నాలుగు వందల యాభై అని రాసుందని చెప్పిన."

"నేనూ అదే చెప్పేది. పని నేర్చుకున్నావ్."

ఏడేళ్ల వృత్తి జీవితంలో నాకు దక్కిన ఏకైక మెచ్చుకోలు అది. చెంపదెబ్బ అయితే ఇంత కాలం గుర్తుండేది కాదు.

ఇంటికెళ్లి నా సొంత మిషన్ విప్పాను. బోర్డు, ర్యామ్, డిస్క్, కరెంటు డబ్బా అన్నీ తీసి సంచిలో వేసుకున్నాను. నా డబ్బా బరువైనది. జోకి, విప్పి, లోపల చూసి మరీ కొనుక్కున్నది. యూపీఎస్ కూడా ఉంది కానీ దాని బ్యాటరీ చచ్చి ఏడాదైంది, అమ్మ దాని మీద టేబుల్ ఫ్యాను పెట్టుకుంది. సాయంత్రానికి మార్తక్క మిషన్ లేచింది. నేను చాలా గొప్పవాణ్నని నాకు అనిపించింది. ఆ అనిపించడం మర్నాడు పదకొండింటి దాకా నిలిచింది.

శుక్రవారం పదకొండింటికి అది కూడా ఆగిపోయింది.

ఎవలు పొయ్యరు

ఈసారి విప్పితే బోర్డు బాగుంది, డిస్క్ బాగుంది, అందులో రెండు బడుల పేపర్లూ భద్రంగా ఉన్నాయి. బరువైన డబ్బా తను చచ్చి మిగతావాళ్లను బతికించింది. కానీ ఎందుకు చచ్చింది? అప్పుడు, కంప్యూటర్ల పనిలో చేరిన ఇన్నేళ్లకు మొదటిసారి, కస్టమర్ దగ్గర గోడలోని ప్లగ్గులో మీటర్ పెట్టి చూశాను. రెండు వందల ముప్ఫై వోల్టులు ఉండాల్సిన చోట మూడు వందల పది ఉంది.

మార్తక్క అత్త సారమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ట్యూబులైటు తెల్లగ ఎలిగింది గదా ఇందాక" అంది.

"ఎలిగితే?"

"ఎలిగితే టీవీ బంద్ చేస్తం. ఈ బజారంతా చేస్తది. నిన్న గూడ చేసినం."

"మరి కంప్యూటర్ బంద్ చెయ్యలే ఎందుకు పెద్దమ్మా?"

"అది కంప్యూటర్ గదా బిడ్డా. దానికి తెలుస్తదనుకున్నం."

నవ్వకండి. నేను అలాగే అమ్మాను. అది అన్నీ చేస్తుంది, దానికి అన్నీ తెలుసు అని చెప్పే అమ్మాను. ఎన్ని జీబీ కావాలని అడిగాను కానీ మీ ట్యూబులైటు ఎట్లా వెలుగుతుందని ఒక్కరినీ అడగలేదు.

లైన్‌మన్ వెంకన్న ట్రాన్స్‌ఫార్మర్ పక్క టీకొట్టు దగ్గరే దొరికాడు. గ్లాసు దించకుండానే విన్నాడు.

"గుంత ఎండింది" అన్నాడు.

"ఏ గుంత?"

"ఎర్తింగ్ గుంత. ట్రాన్స్‌ఫార్మర్ వైరు భూమిలకు దిగే గుంత. ఎండకాలం గిట్లనే అయితది. అందరు కూలర్లేస్తరు, న్యూట్రల్ వైరు లూజైతది, కింద భూమి ఎండి ఉంటది. ఆ బజార్ల బల్బు మినుకుమంటది, ఈ బజార్ల మండుతది. నీళ్లు పోస్తే సగం బాగైతది."

"ఎవరు పొయ్యాలె?"

"ట్రాన్స్‌ఫార్మర్ అందరిది గదా."

"అంటే?"

"అంటే ఎవలు పొయ్యరు."

ఆయన కరెంటు ఆపి పైన న్యూట్రల్ దగ్గర లూజు బిగించాడు. కంచె బయట గుంత మూత ఎక్కడుందో చూపించాడు. మార్తక్క, నేను, సారమ్మ బోరింగు కొట్టి బిందెలు మోశాం. ఎనిమిది బిందెలు. మొదటి నాలుగూ ఎక్కడికి పోయాయో తెలియదు, నేల చుయ్యిమని తాగేసింది. తడి నిలవాలని సారమ్మ ఇంట్లోంచి దోసెడు రాళ్లుప్పు తెచ్చి వేసింది. కరెంటు వచ్చాక మీటర్ చూస్తే రెండు వందల ముప్ఫై అయిదు.

ఇంకో కరెంటు డబ్బా కావాలి. మా షాపు అల్మారాలో ఉన్నవన్నీ టిఫిన్ బాక్సులే. వాటిల్లో ఒకటి మళ్లీ ఆమెకు పెట్టలేను. భద్రాచలంలో మిగతా షాపుల సరుకూ అదే లారీలో దిగేది. నిలబడి ఆలోచిస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో బాసు బిల్లింగ్ మిషన్ ఒక్కరోజు కూడా మాడలేదు.

షాపుకెళ్లి ఆ మిషన్ షట్‌డౌన్ చేశాను. కౌంటర్ దగ్గర ముగ్గురు కస్టమర్లున్నారు. స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక నాలుగు స్క్రూలు విప్పాను. డబ్బా చేతిలోకి రాగానే చెయ్యి దిగింది. నా ఇంట్లో ఉన్న కంపెనీయే. ఆ క్షణం వరకు కోపమంతా ఆయన మీదే ఉండింది. ఇద్దరం మా ఇళ్లకు, మా బల్లలకు ఒకే డబ్బా ఏరుకున్నాం. ఆమెకు మాత్రం ఇద్దరం కలిసి ఖాళీ డబ్బా అంటగట్టాం.

"ఏం చేస్తున్నావురా? బిల్లింగ్ ఆగిపోద్ది" అన్నాడు సుధాకర్.

"ఆగనీయండి సార్. వోల్టేజి ప్రాబ్లం అని రాయండి."

"తిరిగి రాకు మళ్లీ."

"దీన్ని పెట్టి వచ్చి నా స్క్రూడ్రైవర్లు తీసుకుపోతా."

కస్టమర్లలో ఒకాయన మెల్లగా అడిగాడు. "తమ్మీ, అది మంచిదా? మాకూ అదే ఇప్పియ్యరాదూ." సుధాకర్ ఇనప పలక తీసి బిల్లు పుస్తకం మీద ఇటునుంచి అటు పెట్టుకున్నాడు. నిజాయితీగా చెప్పాలంటే ఆ రోజు నాకు తృప్తినిచ్చింది ఆ ఒక్క దృశ్యమే.

ఆరో బడి

శుక్రవారం మధ్యాహ్నం నుంచి మార్తక్క లేవలేదు. శనివారానికి నాలుగో బడి అయింది. ఆదివారం ఆరాధనకు పోలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారే గదికి వచ్చారు. మందలిస్తారనుకున్నాను. కళ్లజోడు తీసుకుని అచ్చుతప్పులు దిద్దడానికి కూర్చున్నారు. అయిదో తరగతి తెలుగు పేపర్లో ఆయనకు మూడు తప్పులు దొరికాయి, లెక్కల పేపర్లో ఒక్కటీ దొరకలేదు. "లెక్కలు మనకు రావమ్మా" అని ఆయనే ఒప్పుకున్నారు. నేను మీటర్ పట్టుకుని ప్లగ్గు పక్కన కూర్చున్నాను. సారమ్మ ట్యూబులైటును చూస్తూ కూర్చుంది. ఎండ వాలకముందే ఆరో బడి కాగితాలు ప్రింటర్లోంచి వచ్చాయి. ఆమె లెక్కపెట్టి కట్టలు కట్టింది.

సోమవారం పొద్దున అందాయి. మరుసటి ఏడాది పని వచ్చింది. ఆ తర్వాతి ఏడాదీ వచ్చింది. "చూద్దాం" అన్న కాంట్రాక్టరు హాజరు పట్టీలు టైపు చేయించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చాడు. ముందు ఇద్దరున్నారని బెంచీ మీద కూర్చోబెట్టిందట. ఎంతసేపు కూర్చోబెట్టావని నేను అడిగాను. "చూసిన తమ్మీ" అంది.

నాకు మాత్రం ఆమె ఒక్కమాటే అన్నది, అదీ కొన్ని నెలల తర్వాత. "డబ్బా మంచిదేనా అని అడిగితే నువ్వు రాసున్నది చదివినవ్. రాసున్నది నాకూ చదవొస్తది." ఈ వ్యాసం అందుకు జవాబు అనుకుంటే అది కూడా చవక సరుకే.

తర్వాత మూడేళ్లు సొంతంగా చేశాను. ఇంటికి పోయి, గోడలో మీటర్ పెట్టి, ఆ తర్వాతే లిస్టు రాసేవాణ్ని. లిస్టులో మొదటి వరస కరెంటు డబ్బా, రెండోది యూపీఎస్. కొట్టేయాలనుకునేవాళ్లు చివరి వరస కొట్టేస్తారు కాబట్టి చివర స్పీకర్లు పెట్టాను. బాగానే కొట్టేశారు.

పోయిన నెల వచ్చిన ఇద్దరికీ వాళ్ల లిస్టు తలకిందులుగా రాసిచ్చాను. శ్రద్ధగా మడిచి జేబులో పెట్టుకున్నారు. పోతూ పోతూ ఒకడు అడిగాడు, "ఇంకేమన్న సీక్రెట్ ఉందా అన్నా, ఇన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ల?"

ఉంది. ఎండాకాలం ఎర్తింగ్ గుంతకు వారానికి రెండు బిందెల నీళ్లు, నెలకోసారి దోసెడు ఉప్పు. పొద్దున్నే పోయాలి, మధ్యాహ్నం పోస్తే సగం ఆవిరైపోతుంది.